కోర్టా, సత్య కమిషనా?

ప్రభుత్వమే మనిషిని మాయం చేస్తే ఇంటివాళ్లు ఎవరి తలుపు తట్టాలి?

కోర్టుకు సాక్ష్యం కావాలి. ఆ కాగితాలేమో నిందితుల గుప్పిట్లోనే ఉంటాయి. అర్జెంటీనాలో 1977 నుంచి తల్లులు తలకు తెల్లగుడ్డ కట్టుకుని, గురువారం గురువారం అధ్యక్ష భవనం ఎదుటి కూడలిలో తిరిగారు, మా బిడ్డలెక్కడని అడుగుతూ. 1985లో సైనిక పాలకుడు విదేలాకు యావజ్జీవం పడింది. 1990లో క్షమాభిక్షతో బయటికొచ్చాడు. మళ్లీ కేసులు నడిచి, 2013లో జైల్లోనే చనిపోయాడు. ఎంత ఆలస్యమైనా ఆ న్యాయం ఆ తల్లులకు దక్కాల్సిందే.

సత్య కమిషన్ అంటే శిక్ష వేయడానికి కాదు, జరిగిన ఘోరాల నిజం బయటపెట్టడానికి వేసే విచారణ సంఘం. దాని ముందు బాధితుడి మాటే సాక్ష్యం. దక్షిణాఫ్రికాలో జాతి వివక్ష పాలన నాటి ఘోరాలపై 1996లో ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన మొదలైన విచారణల్లో జనం తమ సొంత భాషలో గోడు చెప్పుకున్నారు. కానీ రాజకీయ కారణంతో చేసిన నేరాన్ని పూర్తిగా ఒప్పుకుంటే క్షమాభిక్ష ఇవ్వొచ్చన్నారు. నాకు మింగుడుపడనిది అదే. పరిహారం? 2003లో ప్రకటించింది ఒక్కొక్కరికి 30,000 ర్యాండ్లు, కమిషన్ సూచించినదాని కంటే చాలా తక్కువ.

చేతిలో ఆధారం లేనివాళ్లు ముందు కమిషన్‌కే వెళ్లాలంటాను, శిక్ష హక్కు మాత్రం వదులుకోకుండా. అర్జెంటీనాలో 1983లో వేసిన కమిషన్ సేకరించిన వాంగ్మూలాలే 1985 కేసుకు బలమయ్యాయి.