కోను టోపీ దొర, ఎఫ్.ఐ.ఆర్. తలుపు: అత్తమ్మతో స్కాట్లాండ్, ఐర్లాండ్

జూన్ నెలలో ఎడింబరోలో పొద్దు గూకేది రాత్రి పదింటికి. మా అత్తమ్మకేమో దీపం పెట్టనిదే రాత్రి అన్నం ముట్టే అలవాటు లేదు. మొదటి రోజు ఏడైంది, ఎనిమిదైంది, తొమ్మిదైంది. కిటికీలో ఇంకా మా మదనపల్లె సాయంత్రం నాలుగింటి వెలుతురే. "దీపాల వేళ ఎప్పుడవుతుంది పాపా, నాకు ఆకలేస్తా ఉండాది" అంది. చివరికి మా ఆయన ఫోను చూపించి, "అమ్మా, మనూళ్ళో ఇప్పుడు రాత్రి ఒకటిన్నర. నీ దీపం వేళ దాటిపోయి చాలాసేపైంది" అన్నాక, బ్యాటరీ దీపం వెలిగించి పులిహోర తినింది. అక్కడి గదుల్లో నిప్పు వెలిగించకూడదు, కాస్త పొగ వచ్చినా అలారం మోగుతుంది. దీపం అలవాటున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు బ్యాటరీ దీపం పెట్టుకోండి.

మేం ముగ్గురం వెళ్ళాం, పదహారు రోజులు. అత్తమ్మ రిటైరైన సోషల్ టీచరు. ఎక్కడ ఏ బొమ్మ కనపడినా "ఎవరు, ఎప్పుడు, ఏం చేశాడు" అని మూడు ప్రశ్నలు వేస్తుంది. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పని ఆపుకుని నిలబడే మనుషులు ఈ రెండు దేశాల్లో ఉన్నారు. అందుకే కారు తీసుకోవద్దని అందరికీ చెబుతున్నాను. బస్సులు, రైళ్ళు, ఓడ, చిన్న చిన్న ఇళ్ళలో బస, ఇవి చాలు. కారులో కూర్చుంటే కొండలు కనపడతాయి గానీ మాటలు దొరకవు.

వీసా సంగతి ముందే చెప్పేస్తా. మన పాస్‌పోర్టు వాళ్ళకు బ్రిటన్ విజిట్ వీసా మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటన్-ఐర్లాండ్ ఉమ్మడి వీసా పథకం) అని రాసిస్తే అదే వీసాతో ఐర్లాండుకూ పోవచ్చు. కాకపోతే వీసా ఇచ్చిన దేశంలో ముందు దిగాలి. మాది బ్రిటన్ వీసా కాబట్టి ముందు స్కాట్లాండ్, తర్వాత ఐర్లాండ్.

ఎడింబరోలో బస మాత్రం నాకు నచ్చలేదు. "కొద్దిగా మెట్లుంటాయి" అని రాసుంటే నమ్మి బుక్ చేశాం. రాతి మేడ, లిఫ్టు లేదు, గది పై అంతస్తులో. అత్తమ్మ లెక్కపెట్టింది, డెబ్బై నాలుగు మెట్లు. ప్రతి మలుపులో కూర్చుంది. రెండో మలుపులో ఒక కాలేజీ కుర్రాడు అడక్కుండానే పెట్టె ఎత్తుకుని పైదాకా చేర్చాడు కాబట్టి సరిపోయింది. పాత ఊరిలో గది తీసుకునేవాళ్ళు ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా అని రాతపూర్వకంగా అడిగి జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఆగస్టులో నాటకాల ఉత్సవాలప్పుడు ఊరంతా కిక్కిరిసిపోతుంది, అద్దెలు చెట్టెక్కి కూర్చుంటాయి. జూన్ మేలు.

కోటకు టిక్కెట్టు బాగా ఎక్కువ. మేం లోపలికి పోలేదు, ఆ లోటూ తెలియలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు కోట మీంచి ఫిరంగి పేలుస్తారు, అది కిందినుంచే వినొచ్చు. 1861 నుంచి, లీత్ రేవులో ఓడలవాళ్ళు గడియారం సరిచేసుకోవడానికి మొదలైన పద్ధతి. ఆదివారాలు ఉండదు. "పన్నెండింటికి పేల్చొచ్చు కదా" అని అత్తమ్మ అడిగితే, పక్కన నిలబడ్డ ముసలాయన "పన్నెండింటికైతే పన్నెండు గుండ్లు కావాలమ్మా, ఒంటిగంటకైతే ఒక్కటి చాలు. మేం స్కాట్లాండ్ వాళ్ళం" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. రైల్వేస్టేషను పక్క హోటలు గోపురం మీద పెద్ద గడియారం ఉంది. అది ఎప్పుడూ మూడు నిమిషాలు ముందుంటుంది, జనం రైలు తప్పిపోకుండా. ఏడాది ఆఖరి రాత్రి మాత్రం సరైన టైము చూపిస్తుంది. మా ఇంట్లో గోడ గడియారాన్ని అత్తమ్మ పది నిమిషాలు ముందుకి తిప్పి పెడుతుంది, కోడలు త్వరగా తెములుతుందని. ఆ గోపురం చూశాక నాకేసి ఎంత గర్వంగా చూసిందో!

ఇన్వర్‌నెస్‌లో బస మా ప్రయాణం మొత్తానికి అన్నిటికన్నా మంచిది. ఒక పెద్దావిడ తన ఇంట్లో మూడు గదులు అద్దెకిస్తుంది, పొద్దున టిఫిను అందులోనే కలిపి. వాళ్ళ టిఫినులో మాంసం, గుడ్డు, రక్తంతో చేసే నల్లటి ముక్కలు ఉంటాయి. మేం శాకాహారులమని ముందే చెప్పాం కాబట్టి ఓట్ల జావ కాచింది. అత్తమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ చేతిలో గుండ్రటి కర్ర, జానెడు పొడవు, తల దగ్గర చిన్న బుడిపె. దాన్ని స్పర్టుల్ అంటారట. జావ ఉండ కట్టకుండా ఒకే వైపుకి తిప్పుతోంది. అత్తమ్మ చూసి, "ఇది మన సంగటి కట్టె గదా పాపా! పొట్టిదైపోయింది, చలికి ముడుచుకున్నట్టుండాది" అంది. ఆ జావలో ఆవిడ వేసింది చక్కెర కాదు, ఉప్పు. అదీ వాళ్ళ పాత పద్ధతే. అత్తమ్మ సంచిలోంచి మాగాయ సీసా తీసి అంచున ఒక ముక్క వేసుకుంది. ఆవిడ వేలి కొసతో కాస్త నాకి చూసి, కళ్ళలో నీళ్ళు తిరిగినా ఇంకాస్త అడిగింది. ఆ దగ్గర్లోనే కార్‌బ్రిడ్జ్ అనే పల్లెలో 1994 నుంచి ప్రపంచ జావ పోటీ పెడుతున్నారు, గెలిచినవాళ్ళకి బంగారు స్పర్టుల్. "మన ములకలచెరువు నుంచి ఎవరన్నా పోతే రాగి జావతో గెలిచేస్తారు" అని అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. పోటీ ఓట్లకేనని ఎంత చెప్పినా వినదు.

నెస్ సరస్సు చూడాల్సిందే. పొడవు 37 కిలోమీటర్లు, లోతు రెండు వందల మీటర్ల పైన. ఇంగ్లాండ్, వేల్స్ సరస్సులన్నిటి నీళ్ళూ కలిపినా ఈ ఒక్కదాంట్లో నీళ్ళకు సరిరావు. కుళ్ళిన నాచుమట్టి కలిసి నీళ్ళు కాఫీ డికాక్షన్ రంగులో ఉంటాయి, చెయ్యి ముంచితే మణికట్టు కనపడదు. అందులో పెద్ద జంతువు ఉందన్న గోల 1933లో లేచింది. మరుసటేడు వచ్చిన పేరుమోసిన ఫొటో బొమ్మ జలాంతర్గామికి మెడ అతికించి తీసిందని 1994లో బయటపడింది. అది చెప్పింది పడవ నడిపే అమ్మాయే. మోసమని పూర్తిగా వివరించి, ఆ వెంటనే "కుడివైపు చూస్తూ ఉండండి, ఏమైనా కదిలితే నన్ను పిలవండి" అని అంతే సీరియస్‌గా చెప్పింది. పడవలో ముప్ఫైమందీ కుడివైపుకి తిరిగారు. ఒక నల్ల దుంగ తేలుతూ వస్తే చప్పట్లు కొట్టారు. ఆ గంటకు ఇచ్చిన డబ్బు వసూలైపోయింది.

గ్లాస్గోలో ఒక్కటి చూసినా చాలు, వెల్లింగ్టన్ డ్యూక్ విగ్రహం. గుర్రం మీద దర్జాగా కూర్చున్న దొర నెత్తిన, రోడ్డు మీద పెట్టే ఎర్ర ప్లాస్టిక్ కోను! మునిసిపాలిటీ వాళ్ళు ఎన్నిసార్లు తీసినా రాత్రికి రాత్రే ఎవరో ఎక్కి మళ్ళీ పెడతారు. 2013లో విగ్రహం దిమ్మె ఎత్తు పెంచేద్దాం, ఎక్కలేరు అనుకుంటే, మా కోను మాకు కావాలని జనం ఎదురుతిరిగి ఆ ఆలోచన మాన్పించారు. అత్తమ్మ మూడు ప్రశ్నలకూ ఇక్కడ తన దగ్గరే జవాబు ఉంది. ఈ దొర 1799లో శ్రీరంగపట్నం మీద టిప్పు సుల్తానుతో పోరాడిన ఆర్థర్ వెల్లస్లీ. మా మదనపల్లె పక్కన గుర్రంకొండ కోట టిప్పు వాళ్ళదే. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు ఆ పాఠం చెప్పిన మనిషి ఆ కోను కింద నిలబడి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. ఎవరి మీదా కోపం లేకుండా తమ ఊరి పెద్ద విగ్రహం మీద నవ్వగలగడం, ఆ నవ్వు కోసం మునిసిపాలిటీతో వాదించడం నాకు ఎంతో నచ్చింది.

గ్లాస్గో భూగర్భ రైలు 1896 నాటిది. ఒకటే గుండ్రటి దారి, పదిహేను స్టేషన్లు. పొరపాటున అటువైపుది ఎక్కినా గానుగ చుట్టూ తిరిగినట్టు తిరిగి మన స్టేషనుకే వస్తాం. పెద్దవాళ్ళకి ఇంతకంటే ధైర్యమిచ్చే రైలు ఇంకోటి లేదు. కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం ఉచితం, సగం రోజు పెట్టుకోండి.

అక్కణ్ణుంచి బస్సులో కెయిర్న్‌రయన్ రేవుకు, రెండుంబావు గంటల ఓడలో బెల్‌ఫాస్టుకు. ఓడ ప్రయాణం సాఫీ, టీ మాత్రం చల్లారిపోయి ఉంది. జాగ్రత్త ఒక్కటే: స్కాట్లాండ్ బ్యాంకులు సొంత నోట్లు అచ్చువేస్తాయి, ఉత్తర ఐర్లాండ్ బ్యాంకులూ అంతే. అన్నీ పౌన్లే. అయినా వేరే చోట కొందరు దుకాణాల వాళ్ళు తిప్పితిప్పి చూస్తారు. ఎక్కడివక్కడే ఖర్చుపెట్టెయ్యండి.

బెల్‌ఫాస్టు నుంచి ఒక రోజు రాక్షస బాటకు (జెయింట్స్ కాజ్‌వే) వెళ్ళాం. సముద్రం ఒడ్డున సుమారు నలభై వేల నల్లరాతి స్తంభాలు, ఎక్కువ భాగం ఆరు మూలలవి. లావా చల్లారుతూ బీటలిచ్చి అలా అయ్యాయి. కథ వేరే. ఐర్లాండ్ రాక్షసుడు ఫిన్ స్కాట్లాండ్ రాక్షసుడితో కయ్యానికి ఈ బాట కట్టాడట. తీరా చూస్తే అవతలివాడు మరీ భారీ మనిషి. ఫిన్ పెళ్ళాం మొగుడికి పిల్లాడి బట్టలు కట్టి ఉయ్యాల్లో పడుకోబెట్టింది. వచ్చినవాడు "బిడ్డే ఇంతుంటే తండ్రి ఎంతుంటాడో" అని బాట పీక్కుంటూ పారిపోయాడు. స్కాట్లాండ్ వైపు స్టఫా దీవిలోనూ ఇవే రాళ్ళు ఉన్నాయి, అందుకే కథ రెండు ఒడ్డులకూ అతికింది. అత్తమ్మ తీర్పు: "యుద్ధం గెలిచింది ఆ ఇల్లాలు. బాటకు ఆమె పేరు పెట్టాల." రాళ్ళ మీద నడవడానికి డబ్బు కట్టక్కర్లేదు. రుసుము పార్కింగుకూ సందర్శక కేంద్రానికే. చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోండి.

అక్కణ్ణుంచి డబ్లిన్‌కి బస్సులో పోతుంటే సరిహద్దు ఎప్పుడు దాటామో తెలియలేదు. ఎవరూ ఆపలేదు. బోర్డుల మీద మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చాయి, పౌన్లు పోయి యూరోలు వచ్చాయి, ఎర్ర తపాలా పెట్టెలు పచ్చవి అయ్యాయి. డబ్లిన్‌లో ఒక పాత పెట్టెను దగ్గరికెళ్ళి చూస్తే పచ్చరంగు కింద ఉబ్బెత్తుగా విక్టోరియా రాణి అక్షరాలు. స్వతంత్రం వచ్చాక పెట్టెలు పీకలేదు, రంగు వేసుకున్నారు. అత్తమ్మ ఆ అక్షరాలను వేలితో తడిమి, "ఖర్చు లేని స్వాతంత్ర్యం" అంది. మన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 దాకా న్యాయశాస్త్రం చదివింది ఈ ఊళ్ళోనే.

డబ్లిన్ గది గురించి ఫోనులో అడిగితే "గ్రాండ్" అన్నారు. మనకు గ్రాండ్ అంటే వెయ్యిమందితో పెళ్ళి. అత్తమ్మ పట్టుచీర పైకి తీసి పెట్టుకుంది. వెళ్ళి చూస్తే రెండు మంచాలు, వాటి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు. అక్కడ గ్రాండ్ అంటే "పరవాలేదు" అని. శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, కాబట్టి వాళ్ళ లెక్కలో గ్రాండే. ఊరిలో బస ఖరీదు మాత్రం ఎడింబరోకు తీసిపోదు. బస్సుల్లో నోట్లు తీసుకోరు, లీప్ కార్డు కొనుక్కోండి. దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకు థ్యాంక్స్ చెప్పి దిగుతారు. అత్తమ్మ అయితే చేతులు జోడించి నమస్కారం పెట్టేది. మూడో రోజుకి ఒక డ్రైవరు స్టీరింగు వదిలి తనూ నమస్కారం పెట్టాడు, బస్సు ఆగి ఉన్నప్పుడే. చెస్టర్ బీటీ గ్రంథాలయం ఉచితం, మొగలుల కాలం నాటి మన బొమ్మలు అక్కడ ఉన్నాయి, వదలొద్దు.

గాల్వేలో ఒక హోటలు బాత్‌రూముల ముందు మా ఆయన నిలబడిపోయారు. ఒక తలుపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఎఫ్, ఐ, ఆర్. రెండోదాని మీద ఎమ్, ఎన్, ఏ. "ఎమ్ అంటే మెన్, అచ్చుతప్పు పడినట్టుంది" అని అటు నడవబోయారు. అత్తమ్మ చెయ్యి పట్టి ఆపింది. "ఎఫ్.ఐ.ఆర్. అని రాసి హెచ్చరిస్తా ఉండారు గదరా, ఏ తలుపు జోలికీ పోవద్దు, గదికి పోదాం పద" అంది. కౌంటరులో అమ్మాయి పరుగెత్తుకొచ్చి చెప్పింది: వాళ్ళ ఐరిష్ భాషలో ఫిర్ అంటే మగవాళ్ళు, మ్నా అంటే ఆడవాళ్ళు. ఆ అమ్మాయికి మన ఎఫ్.ఐ.ఆర్. అంటే ఏమిటో అత్తమ్మ చెప్పింది. నవ్వాపుకోలేక కౌంటరు పట్టుకుని వంగిపోయింది, మాకు కాఫీ డబ్బులు తీసుకోలేదు. మోహర్ కొండచరియలు 214 మీటర్ల ఎత్తంటారు. మేం చూసింది పొగమంచు. ముప్పావుగంట ఆగితే తెర తీసినట్టు విడిపోయింది. తిరుగు బస్సుకి మధ్యలో చాలా టైము ఉండేలా చూసుకుని వెళ్ళండి.

చివరి రోజు బాయిల్‌కి. యాత్రికులెవరూ వెళ్ళే ఊరు కాదు, మేం అత్తమ్మ కోసం వెళ్ళాం. 1919లో ఠాగూరు మదనపల్లెకు వచ్చినప్పుడు, బి.టి. (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీలో జనగణమనకు స్వరాలు రాసిన మార్గరెట్ కజిన్స్ పుట్టింది బాయిల్‌లో. అత్తమ్మ చదివింది ఆ కాలేజీలోనే. పన్నెండో శతాబ్దపు మఠం గోడలు చూశాం, ఏటి ఒడ్డున కాసేపు కూర్చున్నాం. తిరుగు రైలు కోసం స్టేషనుకొస్తే బెంచీ మీద ఒక పెద్దాయన, ఎక్కడి నుంచి, ఎందుకు అని మొదలుపెట్టాడు. అత్తమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పింది. మీ ఊరి ఆడపిల్ల మా ఊళ్ళో కూర్చుని మా దేశం పాటకు స్వరం రాసింది అంది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పాడమ్మా" అన్నాడు.

అత్తమ్మ లేచి, పైట సర్దుకుని, నిటారుగా నిలబడి పాడింది. మేమూ లేచి నిలబడ్డాం. అది చూసి ఆయనా కర్ర ఊతంతో లేచాడు. పాట అయ్యాక ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత తల ఊపుతూ మెల్లగా, "గ్రాండ్" అన్నాడు.

అత్తమ్మ నా చెవి దగ్గరకు వంగి, "బాగుందంటా ఉండాడా పాపా, పరవాలేదంటా ఉండాడా?" అని అడిగింది.