నిల్ ఈసీ చూసి అడ్వాన్సు ఇచ్చేయకండి

ఈసీ (ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల జాబితా) నిల్ వచ్చింది, ఏ లావాదేవీ లేదు, ఇంకేం భయం అనుకునేవాళ్లకే ఈ హెచ్చరిక. ఒకే స్థలానికి రెండు సేల్ డీడ్‌లు పోటీకొస్తే, ముందు ఎవరిది రిజిస్టరైందన్నది కాదు, ముందు ఎవరికి రాసిచ్చారన్నదే లెక్క.

అమ్మేవాడు జనవరి 5న ఒకాయనకి డీడ్ రాసి సంతకం పెట్టాడు. ఆయన దాన్ని బీరువాలో పడేశాడు. ఫిబ్రవరి 9న మీరు ఈసీ తీస్తే నిల్. 10న అదే ప్లాటు మీకు రాసి, ఆ రోజే రిజిస్టర్ చేశాడు. ఏప్రిల్ 20న మొదటాయన తన డీడ్ దాఖలు చేశాడు. రాసిన నాటి నుంచి 4 నెలల గడువుంది కదా. అమ్మినవాడొచ్చి సంతకం తనదేనని ఒప్పుకుంటే, అది రిజిస్టరై, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం జనవరి 5 నుంచే చెల్లుతుంది. ఆస్తి బదిలీ చట్టం 48వ సెక్షన్ కింద స్థలం ఆయనదే. మీకు మిగిలేది డబ్బు కోసం దావా.

జరిమానా కడితే ఇంకో 4 నెలలు కూడా దొరకొచ్చు (రిజిస్ట్రేషన్ చట్టం 25వ సెక్షన్). అందుకే మీ రిజిస్ట్రేషన్ అయ్యాక 4 నెలలు నిండాక ఒకసారి, 8 నెలలు నిండాక మరోసారి ఈసీ మళ్లీ తీయండి. ప్రింటులో ఆర్, ఈ, పీ అని మూడు తేదీలుంటాయి. 'ఆర్' అంటే రిజిస్టరైన తేదీ, 'ఈ' రాసిన తేదీ, 'పీ' దాఖలైన తేదీ. పాత లావాదేవీల్లో ఈ రెంటికీ నెలల తేడా కనిపిస్తే కారణం అడగండి.

రిజిస్టర్ కాని అగ్రిమెంటు ఈసీలో కనబడదు. కోర్టులో నడుస్తున్న దావా అయితే ఈసీ చూసి తెలుసుకునే పని కాదు, అయినా ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ కింద దాని తీర్పు మిమ్మల్ని కట్టేస్తుంది. అమ్మేవాళ్ల పేరుతో ఈ-కోర్ట్స్‌లో (కోర్టు కేసుల వెబ్‌సైట్) వెతకండి. ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు (ఆ స్థలం ఇంతకుముందు చేతులు మారిన పాత డీడ్‌లు) అడిగితే "లాకర్లో ఉన్నాయి" అని జిరాక్సులు చేతిలో పెడితే, అవి ఏ బ్యాంకులోనో, ఫైనాన్షియర్ దగ్గరో తాకట్టులో ఉండొచ్చు. ఒరిజినల్స్ కళ్లతో చూసేదాకా రూపాయి కదపొద్దు.

ఈసీని ఒక్క సర్వే నంబరుతో తీసి వదిలేయడం ఇంకో పొరపాటు. 125, 125/1, 125/అ, ప్లాటు నంబరు, పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు, అన్నింటితోనూ తీయండి. డీడ్ షెడ్యూల్‌లో (ఆస్తి వివరాలు రాసే భాగం) ఎలా రాశారో అలాగే ఇండెక్స్ అవుతుంది.

చివరగా స్థలానికి వెళ్లి అక్కడున్న కౌలుదారునో, అద్దెకున్నవాళ్లనో ఏ హక్కుతో ఉన్నారో అడగండి. "నాకు తెలీదు" అని తర్వాత మీరన్నా, అక్కడ మనిషి ఉండగా ఆ మాట చెల్లదు.