నాలుగేళ్లు వాడాక: కిందికి దిగని ట్రైపాడ్

ఈ ట్రైపాడ్‌కు కొన్న కొత్తలో 5 స్టార్లు ఇచ్చింది నేనే. కాళ్లు గట్టివి, మనిషెత్తు లేస్తుంది అని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. అబద్ధమేం కాదు. కానీ ఆ ఎత్తుతో నాకెప్పుడూ పని పడలేదు. నేను తీసేవి నేల మీద పాకే పురుగులు.

కెమెరా నికాన్ డి5600. పక్కకు తెరుచుకునే స్క్రీన్ కోసం కొన్నాను, దాని మీద ఫిర్యాదు లేదు. గొడవంతా దాన్ని మోసేదానితోనే.

మృగశిర కార్తెలో మొదటి వాన పడిన మర్నాడు, అత్తగారి ఊళ్లో ఎర్రచెలకలోకి వెళ్లాను. తడిమట్టి మీద ఆరుద్ర పురుగులు, కుంకుమరంగు మఖమల్ ముక్కల్లా. ట్రైపాడ్ కాళ్లు మూడూ బార్లా చాపాను. మధ్య గొట్టం నేలకు తన్నింది. కెమెరా ఇంకా మూరెడు ఎత్తులోనే ఉంది. అక్కణ్నుంచి పురుగు చొక్కా గుండీలా ఉంటుంది, కాళ్లే కనిపించవు. గొట్టాన్ని తిరగేసి బిగిస్తే కెమెరా గబ్బిలంలా వేలాడింది. మీటలన్నీ తలకిందులు. తడుముకుంటూ ఫోకస్ కుదిర్చేలోగా బిగింపు జారి, లెన్సు వెళ్లి బురదలో కూర్చుంది.

గట్టు మీంచి చూస్తున్న మామయ్య ఇంట్లోంచి కందుల సంచి తెచ్చారు. "దీని మీద పెట్టి చూడు అల్లుడూ." సంచిలో గుంట నొక్కి కెమెరాను ఒదిగించాను. లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్11, 2 సెకన్ల టైమర్. 1:1లో, అంటే పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గర్లో, షార్ప్‌గా వచ్చే లోతు మిల్లీమీటరు లోపే. పురుగు మట్టిబెడ్డ దగ్గర ఆగింది. ముందుకాళ్ల మీది నూగు వెంట్రుక వెంట్రుకగా వచ్చింది.

తర్వాత గ్రిల్స్ చేసే షాపులో గొట్టాన్ని 4 అంగుళాలు ఉంచి కోయించాను. వారంటీ అప్పటికే అయిపోయింది కాబట్టి ఆ ధైర్యం. ఇప్పుడు జానెడు ఎత్తుకు దిగుతుంది. బిగించి వదిలాక హెడ్ (కెమెరా కూర్చునే పైభాగం) కాస్త తల వంచే రోగం మాత్రం పోలేదు, కొంచెం పైకి గురిపెట్టి బిగిస్తాను. చవకని కొన్న 40 ఎంఎం మాక్రో లెన్సూ (చిన్నవాటిని దగ్గర్నుంచి తీసేది) అంతే: 1:1లో పురుగుకూ లెన్సుకూ మధ్య మిగిలేది 3, 4 సెంటీమీటర్లు, నీడ దాని మీదే పడుతుంది. డబ్బుంటే 90 ఎంఎం చూడండి.

పూలు, నగలు బల్ల మీద పెట్టి తీసేవాళ్లకు ఈ ట్రైపాడ్ చాలు. నాలా నేల మీద పొర్లేవాళ్లయితే కనీస ఎత్తు ఎంతో అడిగి కొనండి. మా ఇంట్లో గ్రూపు ఫొటోలకు ఇప్పుడది స్టూలెక్కుతోంది, మా ఆవిడ గుర్తుచేస్తూనే ఉంటుంది. కందుల సంచి బ్యాగులోనే ఉంది. పోయిన నెల దానికి పురుగు పట్టింది. దాన్నీ ఫొటో తీశాను.