నవ్వులాటలాడుతూ యుద్ధానికి బయలుదేరే పైలట్లు: ‘రెయిత్ స్క్వాడ్రన్’ నవల, దానిపై పాఠకుల మాట

‘రెయిత్ స్క్వాడ్రన్’ నవలను మెచ్చుకునేవారూ, దాని మీద విసుక్కునేవారూ కూడా ఒకే కారణం చెబుతారు: ఇందులోని పైలట్లు ఎప్పుడు చూసినా పరిహాసాలాడుతూనే ఉంటారు. ఇంత హాయిగా చదివించిన అంతరిక్ష యుద్ధ నవల మరొకటి లేదని ఒక పాఠకుడు అంటే, తలమీద లేజర్లు కురుస్తుంటే ఈ వేళాకోళమేమిటని ఇంకొకరు చిరాకు పడతారు. ఈ నవలను రెండుసార్లు చదివినవాణ్ణి కనుక, రెండు పక్షాల మాటల్లోనూ ఎంతవరకు సబబుందో నాకు తోచినట్టు చెప్పే ప్రయత్నం చేస్తాను.

మొదట కొంత పూర్వరంగం చెప్పుకోవాలి. ఆరన్ ఆల్‌స్టన్ రాసిన ఈ పుస్తకం 1998లో వెలువడింది. స్టార్ వార్స్ చలనచిత్రాల లోకాన్ని ఆధారం చేసుకుని, అందులోని ఒక యుద్ధవిమానం పేరుతో వచ్చిన ‘ఎక్స్‌వింగ్’ నవలల వరుసలో ఇది అయిదవది. మొదటి నాలుగింటినీ మైకేల్ స్టాక్‌పోల్ 1996, 1997 సంవత్సరాల్లో రాశారు. చిత్రాలు మాత్రమే చూసినవారికి ఇందులో బాగా పరిచయమున్న ముఖం దాదాపు ఒక్కటే, అది వెడ్జ్ యాంటిలీస్‌ది. తొలి మూడు చిత్రాల్లోనూ కథానాయకుడి పక్కన ఎగురుతూ, గ్రహాలనే పేల్చేయగల శత్రువుల మహాకేంద్రాలైన రెండు డెత్ స్టార్ల మీది దాడుల్లోనూ పాల్గొని ప్రాణాలతో బయటపడిన పైలట్ అతడు. తెర మీద అతడికి దక్కిన నిమిషాలు చాలా తక్కువ. అలాంటి పక్కపాత్రను తెచ్చి దళనాయకుడిగా నిలబెట్టడమే ఈ నవలల ప్రత్యేకత. మంత్రశక్తులు, వెలుగు కత్తులు, రాజవంశపు రహస్యాలు ఇక్కడ కథను నడిపించవు. సాంకేతిక లోపాలు, నిద్రలేమి, పై అధికారుల ఆదేశాలు, పక్కవాడి ప్రాణం మీద ఆదుర్దా నడిపిస్తాయి.

కథ ఒక పందెంతో మొదలవుతుంది. మిగతా దళాలు వద్దనుకున్న పైలట్లను, అంటే క్రమశిక్షణ తప్పినవారిని, మనసు చెదిరినవారిని, ఆఖరి అవకాశం మీద వేలాడుతున్నవారిని ఏరుకుని, ఎగరడంతోపాటు నేలమీద రహస్య దాడులు కూడా చేయగల ఒక దళాన్ని, అంటే ఈ రెయిత్ స్క్వాడ్రన్‌ను, తయారు చేస్తానని వెడ్జ్ అంటాడు. అది విఫలమైతే ఇన్నాళ్లూ తప్పించుకుంటూ వచ్చిన జనరల్ పదవిని నోరు మూసుకుని స్వీకరించాలి. పదోన్నతి శిక్షగా మారిన ఈ ఏర్పాటులోనే రచయిత చమత్కారమంతా ఉంది.

అయితే ఈ దళాన్ని పరిచయం చేసే తొలి అధ్యాయాలు కొంచెం కష్టపెడతాయని చాలామంది అంటారు, అది నిజమే. పేరు, ముద్దుపేరు, జాతి, గతం, లోపం, ప్రత్యేక విద్య అంటూ ఒకరి తరువాత ఒకరు వచ్చి నిలబడతారు. మొదటిసారి చదివినప్పుడు నేను యాభై పుటలు దాటకుండానే పుస్తకం మూసేశాను. రెండవసారి ఒక చీటీ మీద పేర్లు రాసుకుని పుటల మధ్య పెట్టుకున్నాను. సగం పుస్తకం గడిచేసరికి ఆ చీటీ అవసరం తీరిపోయింది, ఎందుకంటే అప్పటికి ప్రతి ఒక్కరూ ఏదో ఒక తలతిక్క పనితో గుర్తుండిపోయారు. సుమారు 400 పుటల పుస్తకంలో ఈ తొలి అడ్డంకి దాటేంత ఓపిక లేనివారు దీన్ని అన్యాయంగా తూకం వేస్తున్నారని నా అనుమానం.

ఇందులోని హాస్యం ఎలాంటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ దగ్గరగా చూస్తే చాలు. కొత్త పైలట్ల ఎంపిక జరుగుతున్నప్పుడు వెడ్జ్ సహాయకుడు వెస్ జాన్సన్, అభ్యర్థుల్లో కెచ్ అనే ఒక ఈవాక్ కూడా ఉన్నాడని ఏమాత్రం తడబడకుండా చెబుతాడు. ఈవాక్‌లంటే 1983 నాటి చిత్రంలో అడవిలో ఈటెలు పట్టుకుని తిరిగిన, నడుము ఎత్తు కూడా లేని బొచ్చు ఎలుగుల వంటి జీవులు. అలాంటి జీవి ఫైటర్ కాక్‌పిట్‌లో కూర్చుంటే కాళ్లు ఎక్కడ అందుతాయి, చేతులు ఎక్కడ అందుతాయి అన్న ప్రశ్న నాయకుడి ముఖంలో మెదులుతుండగానే ఆ మాట పరిహాసమని తేలిపోతుంది. మరొకరైతే అక్కడితో వదిలేస్తారు. ఆల్‌స్టన్ వదలరు. లేని కెచ్ దళంలో ఒక సభ్యుడైపోతాడు, పైలట్ దుస్తులు తొడిగిన బొమ్మగా ప్రత్యక్షమవుతాడు. తరువాతి పుస్తకంలోనైతే ఆ పరిహాసమే శత్రువును బోల్తా కొట్టించే యుద్ధతంత్రంగా మారుతుంది. ఒక వేళాకోళాన్ని విత్తి, నీరు పోసి, అది కాయ కాసేదాకా ఆగిన ఈ ఓర్పు చూసి నాకు ముచ్చటేసింది.

అభ్యంతరం చెప్పే పాఠకుల వాదన వేరు. యుద్ధం గురించి రాస్తూ ఇంత తేలికగా మాట్లాడితే చావుకు విలువ లేకుండా పోతుందని వారంటారు. నవ్వు నాలుగు విధాల చేటు అన్న సామెతను ఈ పుస్తకం మీద ప్రయోగించడం సులువే. కాని నవల ఏ సంఘటనతో తెర తీస్తుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. మిన్ డోనోస్ అనే అధికారి నడిపిస్తున్న పన్నెండు మంది పైలట్ల దళం శత్రువు పన్నిన ఉచ్చులో పడుతుంది. పదకొండు మంది చనిపోతారు, డోనోస్ ఒక్కడే తిరిగి వస్తాడు. నవ్వులు ఆ తరువాతే మొదలవుతాయి. అతడు ఆ నవ్వుల మధ్య రాయిలా కూర్చుని ఉంటాడు. ఆ రోజు తనతోపాటు మిగిలిన ఏకైక తోడైన, విమానంలో తన వెనుక అమరి ఉండే చిన్న యంత్రం కూడా ధ్వంసమైన రోజున అతడి మనసు పూర్తిగా మూసుకుపోతుంది. అతణ్ణి తిరిగి మనుషుల్లోకి తేవడానికి సహచరులు పడే పాట్లు చదువుతున్నప్పుడు, అంతవరకు వారు ఒకరి మీద ఒకరు విసురుకున్న హాస్యోక్తులు దేనికి పనికి వచ్చాయో అర్థమవుతుంది. వారికి ఒకరి నోటి తీరు ఒకరికి తెలుసు, అందుకే ఒకరి మౌనం కూడా తెలుసు.

టన్ ఫానన్ సంగతీ అంతే. అతడు దళ వైద్యుడు. ఆ లోకంలో ఎంతటి గాయాన్నైనా మాన్పే బాక్టా అనే ద్రవం అతడి ఒంటికి మాత్రం పడదు. అందుచేత గాయపడిన భాగాల స్థానంలో యంత్ర భాగాలు వచ్చి చేరాయి. అతడి నోటి నుంచి వచ్చే ప్రతి వెటకారమూ నవ్విస్తుంది, ఆ నవ్వు తగ్గాక ఏదో గుచ్చుకుంటుంది. ఏడవలేక నవ్వడమంటే ఏమిటో అతణ్ణి చూసి తెలుసుకోవచ్చు. ఇక నవల మధ్యలో జరిగే ఒక మరణం గురించి చదవనివారి కోసం వివరం చెప్పను. కూలిపోతున్న ఒక విమానం పక్కనే చివరి క్షణం దాకా ఎగురుతూ, దాన్ని కాపాడలేకపోయిన పైలట్ పక్షాన నిలబడి రచయిత ఆ ఘట్టాన్ని నడిపించారు. అందులో ఒక్క చమత్కారం కూడా లేదు. ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసిన హాస్యగాడి మీద నాకు నమ్మకం కుదురుతుంది.

అందరూ ఏకాభిప్రాయంతో మెచ్చుకునే భాగం ఒకటుంది. దళం శత్రువు చిన్న యుద్ధనౌక ‘నైట్ కాలర్’ను చేజిక్కించుకుని, అది ఇంకా శత్రువు చేతుల్లోనే ఉన్నట్టు నటిస్తూ తిరుగుతుంది. దాని కెప్టెన్ పాత్రను ఫేస్ లోరాన్ ధరిస్తాడు. ఫేస్ ఒకప్పటి బాలనటుడు. శత్రుపక్షమైన నిరంకుశ సామ్రాజ్యం తీసిన ప్రచార చిత్రాల్లో నటించి పేరు తెచ్చుకుని, పెద్దవాడయ్యాక ఆ పేరును చూసే సిగ్గుపడుతున్నవాడు. దొరికిపోతే అందరి ప్రాణాలూ పోయే చోట, ఒక డాబుసరి కెప్టెన్ గొంతును, అతిశయాన్ని అనుకరిస్తూ పై అధికారులతో మాట్లాడవలసి రావడం ఎంత హాస్యభరితమో అంత ఉత్కంఠభరితం. నటన మీద విరక్తి పుట్టినవాడికి ఆ నటనే ఆయుధమైంది. ఈ అధ్యాయాలను నేను ఒక్క బిగిని చదివాను.

రంట్ అనే పైలట్ గురించి తెలుగులో ఆలోచిస్తే ఒక చిన్న విశేషం తోచింది. అతడి బుర్రలో అనేక మనసులుంటాయి. విమానం నడిపే మనసు వేరు, మాట్లాడే మనసు వేరు. అందుకే తన గురించి ఎప్పుడూ బహువచనంలో చెప్పుకుంటాడు. ఆంగ్లంలో దానికి ఒకే సర్వనామం ఉంది కనుక అతడు తన మనసులను మాత్రమే లెక్కిస్తున్నాడో, ఎదుటివారిని కూడా కలుపుకుంటున్నాడో ఆ మాటను బట్టి చెప్పలేము. తెలుగులో ‘మేము’ అనాలా, ‘మనం’ అనాలా అన్నది తప్పించుకోలేని ప్రశ్న. అనువాదకుడెవరైనా పూనుకుంటే, అతడు మొదట ‘మేము’ అంటూ వచ్చి, దళంతో కలిసిపోయాక ఎక్కడో ఒకచోట ‘మనం’ అనేలా చేయవచ్చు. మూలంలో లేని అందం ఒకటి దానికి అబ్బుతుంది.

లోపాలు లేవని కాదు. నా ప్రధాన ఫిర్యాదు ఏమిటంటే, ఇందులో అందరూ ఒకే రకమైన తెలివితో మాట్లాడతారు. పేర్లు మూసేసి సంభాషణ చదివితే, జాన్సన్ అన్నదేది, ఫేస్ అన్నదేది, ఫానన్ అన్నదేది చెప్పడం కొన్నిచోట్ల అసాధ్యం. గొంతులో అమర్చిన అనువాద యంత్రం ద్వారా మాట్లాడే, గణితంలో దిట్ట అయిన పిగ్గీ వంటి పాత్రకు సైతం అదే చురుకైన ఎదురుజవాబు తగిలించారు. అతడిది పందిమొహం గల గామోరియన్ జాతి. బలం తప్ప బుద్ధి లేనిదని పేరుపడిన ఆ జాతిలోంచి వచ్చిన మేధావి మాట్లాడే తీరు మరోలా ఉండి ఉంటే బాగుండేది. దళంలో ఒక్కరైనా హాస్యం బొత్తిగా అర్థం కానివారు ఉండి, వారి అమాయకత్వం నుంచి నవ్వు పుట్టి ఉంటే ఇంకా బాగుండేది. హాస్యం ఎక్కువైందనే పాఠకులకు నిజానికి బాధ కలిగిస్తున్నది ఈ ఏకస్వరమేనని నా అభిప్రాయం. పరిహాసం పాలు తగ్గించనక్కరలేదు, అందులో రకాలు పెంచాలి.

దళంలోని పైలట్లు కెల్ టైనర్, టిరియా సార్కిన్‌ల ప్రేమ వ్యవహారం హడావిడిగా నడిచిందన్న విమర్శతో కూడా నేను ఏకీభవిస్తాను. కెల్ పాత్రకు అంతకంటే బలమైన సమస్య ఉంది. ఒకనాడు యుద్ధం మధ్యలో భయంతో పారిపోతున్న అతడి తండ్రిని కాల్చి కూల్చినవాడు ఈ జాన్సనే. అందరినీ నవ్వించే మనిషి తన తండ్రిని చంపినవాడు కావడం, ఆ తండ్రి పిరికితనం తన రక్తంలో కూడా ఉందేమోనని కెల్ లోలోపల వణకడం నవలకు దక్కిన గొప్ప సంఘర్షణ. అది నడుస్తుండగా ప్రేమకథ మీదికి మళ్లిన ప్రతిసారీ నాకు దారి తప్పినట్టనిపించింది. ఇక అసలు ప్రతినాయకుడైన యుద్ధప్రభువు జింజ్ ఈ పుస్తకంలో దూరంగానే ఉండిపోతాడు, ఎదురుపడేది అతడి అనుచరుడు అడ్మిరల్ ట్రిగిట్.

ఆకాశ యుద్ధాల విషయంలో పాఠకులు రెండుగా చీలతారు. రచయిత పాత్రధారణ ఆటల రూపకర్త కూడా కావడం వల్లనేమో, ఏ విమానానికి ఏ బలహీనత ఉందో, ఎవరి వెనుక ఎవరున్నారో ఆయన ఎప్పుడూ మరచిపోరు. ఎక్స్‌వింగ్‌కు నాలుగు లేజర్ ఫిరంగులు, ప్రోటాన్ టార్పెడోలు, రక్షణ కవచాలు, నక్షత్రాల మధ్య ప్రయాణించే సామర్థ్యం ఉన్నాయి. శత్రువుల సాధారణ టై ఫైటర్‌కు కవచాలూ లేవు, దూరప్రయాణ శక్తీ లేదు, ఉన్నదల్లా వేగమూ, సంఖ్యాబలమూ. ఈ తేడా నుంచే ఎత్తుగడలు పుడతాయి. ఎడమ, కుడి, వెనుక కవచం, ముందు కవచం అంటూ సాగే పుటలు కొందరికి నీరసం తెప్పిస్తాయి. నాకు మాత్రం ఆ లెక్క తప్పకపోవడం వల్లనే గెలిచినప్పుడు అది నిజమైన గెలుపనిపించింది. రేడియోలో వినిపించే హాస్యం కూడా ఇక్కడే బాగా అతుకుతుంది, ఎందుకంటే వివరించే తీరిక ఎవరికీ ఉండదు, ఒక్క ముక్కలో అనేసి మలుపు తిప్పుకోవాలి.

ముందున్న నాలుగు నవలలు చదవకుండా దీన్ని చదవవచ్చా అని అడిగేవారికి, నిస్సంకోచంగా చదవవచ్చు అన్నదే జవాబు, దళం కొత్తది కనుక పాత లెక్కలు పెద్దగా అడ్డురావు. 2014లో ఈ పాత నవలలన్నింటినీ ‘లెజెండ్స్’ అనే పేరుతో అధికారిక కథాక్రమం నుంచి విడదీశారు. ఇక ఇవి లెక్కలోకి రానప్పుడు చదవడమెందుకని కొందరు అడుగుతున్నారు. కెచ్ అనే పైలట్ ఆ నవలలోని దళం లెక్కలోకి కూడా ఎన్నడూ రాలేదు, అయినా అందరికీ గుర్తున్నది వాడే. మొదలుపెట్టేవారు మాత్రం దీని తరువాతి ‘ఐరన్ ఫిస్ట్’ను కూడా దగ్గర ఉంచుకోవడం మంచిది. ఈవాక్ పరిహాసం అసలు ఫలితం అందులోనే ఉంది.