క్యామెలాట్ రివ్యూ: పీడీఎఫ్‌లోని టేబుళ్లను గడి తప్పకుండా బయటికి తీయాలంటే

ఇన్వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్టాక్ జాబితాలు పీడీఎఫ్‌లుగా వచ్చి పడుతుంటే, వాటిలోని టేబుళ్లను రాబట్టడానికి ఉచితంగా దొరికే సాధనాల్లో క్యామెలాట్ చాలా గట్టిది. ఇది ఎంఐటీ లైసెన్సుతో వచ్చే పైథాన్ లైబ్రరీ, అంటే పైథాన్ కోడ్‌లోంచి పిలిచి వాడుకోవాలి. ఫైలు మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు కాబట్టి గోప్యమైన లెక్కలకూ భయపడక్కర్లేదు. డీఫాల్ట్ సెట్టింగులతో ఒకసారి నడిపి, ఫలితం బాగాలేదని పక్కన పడేస్తే మాత్రం దానికి అన్యాయం చేసినట్టే. ఒక్కో రకం డాక్యుమెంటుకు విడిగా సెట్టింగులు కుదిర్చి దాచుకున్నవాళ్లకే ఇది అక్కరకొస్తుంది.

పైథాన్ ప్యాకేజీలను దింపే పిప్‌తో పెట్టుకునేటప్పుడు ప్యాకేజీ పేరు ‘క్యామెలాట్-పీవై’. ఉత్త ‘క్యామెలాట్’ అని కొడితే సంబంధం లేని వేరే ప్యాకేజీ దిగుతుంది. ఇంకోటి, ఏమీ చెప్పకపోతే మొదటి పేజీ ఒక్కటే చదువుతుంది. పేజెస్ అనే సెట్టింగు దగ్గర ‘ఆల్’ అని ఇవ్వడం మర్చిపోతే నలభై పేజీల స్టేట్‌మెంటులో ముప్పై తొమ్మిది పేజీలు చడీచప్పుడు లేకుండా ఎగిరిపోతాయి.

ముఖ్యమైన పద్ధతులు రెండు. గడులకు గీతలుంటే ‘లాటిస్’, గీతలు లేకుండా ఖాళీ జాగాతోనే కాలమ్‌లు విడిపోయి ఉంటే ‘స్ట్రీమ్’. డీఫాల్ట్ లాటిస్. ఇది పేజీని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) బొమ్మగా మార్చి, అందులో అడ్డగీతలు, నిలువు గీతలు వెతికి, అవి కలిసే చోట్లను బట్టి గడులు కడుతుంది. ఇక్కడ కీలకం లైన్ స్కేల్ అనే సెట్టింగు. బొమ్మ కొలతను ఈ అంకెతో భాగిస్తే వచ్చే పొడవుకన్నా చిన్న గీతను అది గీతగా లెక్కించదు. ఏ4 పేజీ ఎత్తు 300 డీపీఐలో 3508 పిక్సెళ్లు. పాత వెర్షన్లలో డీఫాల్ట్ 15 కాబట్టి 233 పిక్సెళ్లు, అంటే దాదాపు రెండు సెంటీమీటర్ల లోపు నిలువు గీతలు లెక్కలోకి రావు. రెండే వరుసలున్న చిన్న ఇన్వాయిస్ టేబుల్ కనబడకుండా పోయేది ఇందుకే. 40 పెడితే ఆ హద్దు ఏడున్నర మిల్లీమీటర్లకు దిగుతుంది, చాలా టేబుళ్లకు అది చాలు. అలాగని 150 దాటించకండి. అప్పుడు హద్దు రెండు మిల్లీమీటర్లే, శీర్షికలోని పెద్ద అక్షరాల గీతలు కూడా టేబుల్ గీతలైపోతాయి. రంగు నేపథ్యం మీద గీతలుంటే ప్రాసెస్ బ్యాక్‌గ్రౌండ్ ఆన్ చేయాలి.

స్ట్రీమ్‌లో కాలమ్‌లను దాని ఊహకు వదలొద్దు. వివరణ కాలమ్‌లో పొడుగు వాక్యం పడితే పక్కనున్న మొత్తంతో కలిపేస్తుంది. టేబుల్ ఏరియాస్‌లో టేబుల్ హద్దులు, కాలమ్స్‌లో విభజన జరగాల్సిన ఎక్స్ విలువలు మనమే ఇచ్చి, స్ప్లిట్ టెక్స్ట్ ఆన్ చేస్తే అతుక్కుపోయిన మాటలు హద్దు దగ్గర తెగుతాయి. ఈ కొలతలు పాయింట్లలో ఉంటాయి, అంగుళానికి 72. మూలబిందువు పేజీకి అడుగున ఎడమ మూల. చాలా సాధనాలు పైనుంచి కొలుస్తాయి కాబట్టి అక్కడి వై విలువను ఏ4కైతే 842 నుంచి తీసేసి ఇవ్వాలి. వరుసలు రెండుగా చీలుతుంటే రో టాలరెన్స్‌ను 2 నుంచి 10 వైపు మెల్లగా పెంచి చూడండి. మరీ పెంచితే పక్క పక్క వరుసలు కలిసిపోతాయి. కొలతలు కళ్లతో సరిచూసుకోవడానికి దీని ప్లాట్ సదుపాయం ఉంది. పేజీ మీద మాటలు ఎక్కడున్నాయో, గడులు ఎక్కడ కట్టిందో బొమ్మ గీసి చూపిస్తుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా దీన్ని వాడొచ్చు.

జాగ్రత్తగా ఉండాల్సింది స్ట్రిప్ టెక్స్ట్ దగ్గర. అందులో ఇచ్చిన గుర్తులను గడి చివర్లలోనే కాదు, మధ్యలోంచి కూడా తీసేస్తుంది. చుక్క ఇచ్చారంటే 1250.75 కాస్తా 125075 అవుతుంది. కొత్త వరుస గుర్తు ఇస్తే రెండు వరుసల్లో ఉన్న మాటలు మధ్యలో ఖాళీ లేకుండా అతుక్కుంటాయి. అంకెలున్న టేబుళ్లకు దీని జోలికి పోకుండా, శుభ్రం చేసే పని తర్వాత పాండాస్‌లో (టేబుళ్లను సవరించే పైథాన్ లైబ్రరీ) పెట్టుకోవడం మేలు.

ప్రతి టేబుల్‌తో పాటు పార్సింగ్ రిపోర్ట్ వస్తుంది. అందులోని యాక్యురసీ 99 అని చూసి నిశ్చింతగా ఉండకండి. మాటలు గడుల్లో ఎంత సరిగ్గా ఇమిడాయో చెప్పే కొలత అది, గడులు సరిగ్గా కట్టిందా అన్నది దానికి పట్టదు. రెండు కాలమ్‌లు ఒక్కటైపోయినా స్కోరు నిక్షేపంలా ఉండొచ్చు. అసలు పరీక్ష లెక్కలదే: వరుసల మొత్తాలు కూడితే డాక్యుమెంటు అడుగున ఉన్న మొత్తం రావాలి. స్టేట్‌మెంట్ అయితే ప్రారంభ నిల్వకు జమలు కలిపి ఖర్చులు తీసేస్తే ముగింపు నిల్వ తేలాలి. తేలకపోతే ఆ ఫైలును ఆపేలా స్క్రిప్టులోనే రాసి పెట్టుకోవాలి. బ్రాకెట్లలో వేసిన రుణ (మైనస్) సంఖ్యలు, అంకె వెనక పడ్డ మైనస్ గుర్తు కూడా దొరికేవి ఇక్కడే.

స్కాన్ చేసిన పేజీలను క్యామెలాట్ నేరుగా చదవలేదు, ఇదే దీని పెద్ద లోటు. ముందు ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే సాధనంతో ఓసీఆర్ చేసి, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టించి, అక్షరాల పొర ఎక్కించాలి. ఆ పనిలోనే వాలిన పేజీని నిటారు చేసే డీస్క్యూ ఆప్షన్ కూడా ఇవ్వండి, పేజీ కాస్త వాలినా లాటిస్ గీతలను పట్టుకోలేదు. ఓసీఆర్ 3ను 8 అనుకునే చోట మళ్లీ ఆ మొత్తాల పరీక్షే కాపాడుతుంది.

కోడ్ రాయని వాళ్లకు ట్యాబ్యులా హాయి. మౌస్‌తో టేబుల్ చుట్టూ పెట్టె గీస్తే చాలు, అది కూడా సొంత కంప్యూటర్‌లోనే నడుస్తుంది. గీతలు, అక్షరాలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని సొంత నియమాలు రాసుకోవాలనుకుంటే పీడీఎఫ్‌ప్లంబర్ బాగుంటుంది.

క్యామెలాట్ సీఎస్‌వీ, ఎక్సెల్, జేసన్ రూపాల్లో ఇస్తుంది. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరవొద్దు. ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటిన నంబర్లలో చివరివి సున్నాలవుతాయి. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేస్తూ ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి.