మడతపెడితే కనిపించే పత్రం: ఆర్గ్ మోడ్ సమీక్ష

పెద్ద పత్రాన్ని కొత్తగా రాయడం కంటే, రాసినదాని వరుస మార్చడమే ఎక్కువ శ్రమ. వాక్యాలన్నీ బాగానే ఉంటాయి కానీ ఉండవలసిన చోట ఉండవు. దాదాపు 60 పేజీల వాడుక సూచనల పుస్తకం ఒకటి సరిగ్గా ఆ స్థితిలోనే నా చేతికి వచ్చింది. అందులో పరికరాన్ని అమర్చే విధానం మూడో అధ్యాయంలో ఉంటే, అమర్చడానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు ఐదో అధ్యాయం చివర ఉన్నాయి. దాన్ని సరిదిద్దడానికి ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోని, పత్రాన్ని శీర్షికల వారీగా అమర్చుకునే సాధనమైన ఆర్గ్ మోడ్‌ను వాడాను.

ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్ 2003లో మొదలుపెట్టిన ఈ సాధనం, 2007లో విడుదలైన ఈమాక్స్ 22 నుంచి ఎడిటర్‌తోపాటే వస్తోంది. ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే. వరుస మొదట ఒక నక్షత్రపు గుర్తు (*), దాని తరువాత ఒక ఖాళీ ఉంటే అది అధ్యాయ శీర్షిక అవుతుంది. రెండు గుర్తులుంటే ఉపశీర్షిక అవుతుంది. శీర్షిక మీద ట్యాబ్ నొక్కుతూ పోతే దాని కింది భాగం ముడుచుకోవడం, ఉపశీర్షికలు మాత్రమే కనిపించడం, అంతా తెరుచుకోవడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే మొత్తం పత్రానికి ఇదే వర్తిస్తుంది. శీర్షికలు మాత్రమే మిగిలే ఆ దృశ్యంలో, నాలుగు సార్లు చదివినా నాకు తట్టని సంగతి ఒక్క చూపులో తెలిసింది: ఒకే విషయం రెండు అధ్యాయాలలో రెండు వేర్వేరు పేర్లతో ఉంది.

అయితే మడతపెట్టడం చాలా ఎడిటర్లలో ఉన్నదే. ఆర్గ్ మోడ్ విలువ తెలిసేది భాగాలను జరిపేటప్పుడు. ఆల్ట్ పట్టుకుని పైబాణం నొక్కితే శీర్షిక తన ఉపశీర్షికలతోనూ, వాటి కింది పేరాలతోనూ కలిసి ముందున్న భాగాన్ని దాటి పైకి వెళుతుంది. ఎడమ, కుడి బాణాలు స్థాయిని మారుస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఆల్ట్ ఒక్కటే వాడితే ఆ శీర్షిక స్థాయి మాత్రమే మారి పిల్ల శీర్షికలు పాత స్థాయిలోనే ఉండిపోతాయి, షిఫ్ట్ కూడా కలిపితేనే కుటుంబం మొత్తం మారుతుంది. మొదటి రోజు ఇది తెలియక ఒక అధ్యాయాన్ని చిందరవందర చేసుకున్నాను. దూరంగా ఉన్న అధ్యాయానికి ఒక భాగాన్ని పంపడానికి రీఫైల్ ఆదేశం ఉంది, కానీ సెట్టింగ్ మార్చకపోతే అది ఆ ఫైలులోని మొదటి స్థాయి శీర్షికలను మాత్రమే గమ్యాలుగా చూపిస్తుంది. ఒక్క భాగాన్నే తెర మీద ఉంచి మిగతా పత్రాన్ని తాత్కాలికంగా దాచే సదుపాయం కూడా బాగుంది.

లోపాలు లేకపోలేదు. మడతపెట్టిన శీర్షిక మొదట్లో కర్సర్ ఉండగా, వరుసను తొలగించే కంట్రోల్ కె నొక్కితే, మామూలు సెట్టింగులలో, దాగి ఉన్న పాఠం కూడా శీర్షికతోపాటు పోతుంది. అన్‌డూ ఉన్నా, పోయిందని గమనిస్తేనే కదా! మరొకటి నిర్మాణానికి సంబంధించినది: ఒక ఉపశీర్షిక మొదలైన తరువాత పై అధ్యాయపు సొంత పాఠంలోకి తిరిగి రావడానికి మార్గం లేదు. ఉపశీర్షికలన్నీ ముగిశాక రెండు మాటలతో అధ్యాయాన్ని ముగించే అలవాటున్న నాకు, అందుకోసమే మరో శీర్షిక సృష్టించవలసి రావడం ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది.

"నాలుగో అధ్యాయం చూడండి" అని చేత్తో రాయకుండా, ఆ అధ్యాయ శీర్షికకు, వివరణ మాట ఏదీ చేర్చని లింకుగా పెడితే, శీర్షికలకు సంఖ్యలు వేసే ఎగుమతిలో (అంటే పత్రాన్ని పీడీఎఫ్ వంటి మరో రూపంలోకి మార్చినప్పుడు) ఆ చోట సరైన సంఖ్య దానంతట అదే వస్తుంది. "పైన చెప్పుకున్నట్లు", "తరువాత వివరిస్తాము" వంటి మాటల సంగతి వేరు. భాగాలు తారుమారైనప్పుడు అవి అబద్ధాలైపోయినా, ఏ ఎడిటరూ హెచ్చరించదు. నా పుస్తకంలో భాగాలన్నీ జరపడం ఒక్క పూటలో అయిపోయింది; "పైన", "కింద", "ముందు" అనే మాటలను ఒక్కొక్కటిగా వెతికి సరిచేయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.