ఊరి పాటల రికార్డింగులకి ఆడాసిటీ: ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

నేను ఊర్లల్ల నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు రికార్డ్ చేసి దాచిపెడుతుంటా. చేతిలో పట్టే చిన్న రికార్డర్, మైకు మీద గాలి తగలకుండా బొచ్చు కవర్, ఇంట్లో ఒక మామూలు లాప్‌టాప్, దాంట్లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఇంతే సెటప్. నాయిస్ తీసెయ్యడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని చాలామంది అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, ఇన్నేళ్ళు వాడినంక నాకు ఆడాసిటీలో ఎక్కువ పనికొచ్చినవి స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మ లెక్క చూపేది), లేబుల్స్ (రికార్డింగ్‌లో అక్కడక్కడ పెట్టుకునే పేర్ల గుర్తులు). నాయిస్ రిడక్షన్ వాటి తర్వాతే, అదీ చాలా తక్కువ మోతాదులో.

తెలియనోళ్ళ కోసం ఒక్క ముక్క. ఇది పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్ మ్యాక్ లైనక్స్ మూడింట్లో నడుస్తది. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలుపెట్టి 2000లో రిలీజ్ చేశారు, 2021 నుంచి మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతిలో ఉంది. పాత లాప్‌టాప్‌లో కూడా బరువనిపించదు.

ముందు స్పెక్ట్రోగ్రామ్ సంగతి. మామూలుగా కనబడే వేవ్‌ఫామ్‌లో ఎక్కడ గట్టిగా ఉంది ఎక్కడ మెల్లగా ఉంది అనేదే తెలుస్తది, ఏ శబ్దం ఏదో తెల్వదు. ట్రాక్ పేరు మీద నొక్కి స్పెక్ట్రోగ్రామ్ పెట్టుకుంటే అంతా బొమ్మ లెక్క ముందుకొస్తది, అడ్డంగా టైం, నిలువుగా ఫ్రీక్వెన్సీ, అంటే శబ్దం ఎంత సన్నగా ఉందో ఎంత బొంగురుగా ఉందో (హెర్ట్జ్‌లలో కొలుస్తారు). కీచురాళ్ళు పైన ఒక పట్టీలాగ అట్లనే సాగుతుంటాయి, బండి హారన్ ఒకదాని మీద ఒకటి పేర్చిన గీతలు, కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే హమ్ అయితే అడుగున 50 హెర్ట్జ్ దగ్గర కదలకుండా ఒక గీత, దాని పైన 100, 150 దగ్గర ఇంకా సన్నగా. గాలి కొట్టింది అంతా కిందనే మబ్బు పట్టినట్టు ఉంటది. ఒకసారి కన్ను అలవాటు పడ్డదంటే గంట రికార్డింగ్‌లో పాట ఎక్కడ మొదలైంది, మాటలు ఎక్కడ, డోలు ఎక్కడ అనేది వినకముందే చెప్పొచ్చు. మధ్యలో కోడి కూత ఒకటి పడితే దాన్ని టైంలోనూ ఫ్రీక్వెన్సీలోనూ గీసుకుని స్పెక్ట్రల్ ఎడిట్ మల్టీ టూల్ కొడితే ఆ ముక్క ఒక్కటే తగ్గుతది, గొంతుకి పెద్దగా దెబ్బ ఉండదు. కూత సరిగ్గా పాట మీదనే పడితే మాత్రం నేను ముట్టుకోను, ఉండనిస్తా.

హమ్‌కి నాచ్ ఫిల్టర్ ఉంది, పెట్టిన ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రమే కోసేది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మొదలు అక్కడ, తర్వాత 100, 150 దగ్గర. క్యూ విలువ పెంచి సన్నగా కొయ్యాలి, ఎందుకంటే మగోళ్ళ గొంతు అసలు పుట్టేదే సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్యలో, వెడల్పుగా కోస్తే కథ చెప్పే పెద్దాయన గొంతులో గంభీరమే పోతది. పెట్టిన ఫ్రీక్వెన్సీకి కింద ఉన్నదాన్ని తగ్గించే హై పాస్ ఫిల్టర్ కూడా అంతే, ఆడోళ్ళ పాట ఒక్కటే ఉంటే 100 దగ్గర పెట్టినా ఏం కాదు, ఒగ్గు కథకి అదే పెడితే డోలు ఒట్టి డబ్బా చప్పుడైతది. ప్రతి రికార్డింగ్‌కి ఒకే సెట్టింగ్ పెట్టి బ్యాచ్‌లో నడిపేసేటోళ్ళని చూస్తే నాకు నిజంగా బాధ అనిపిస్తది.

ఇక నాయిస్ రిడక్షన్. ఎవరూ పాడకుండా ఉన్న రెండు మూడు సెకన్లు సెలెక్ట్ చేసి ప్రొఫైల్, అంటే ఆ నాయిస్ నమూనా, తీసుకోవాలి, తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి అప్లై చెయ్యాలి. ఫ్యాను, ఫ్రిజ్, దూరంగా నడిచే బావి మోటరు, ఇట్ల ఒకే తీరుగ ఉండే శబ్దానికి బాగా పనిచేస్తది. గాలికి, ట్రాఫిక్‌కి, పక్కింటి టీవీకి పనిచెయ్యదు, ఎందుకంటే అవి క్షణక్షణం మారుతుంటాయి. అక్కడ రెసిడ్యూ అని ఒక ఆప్షన్ ఉంటది, చాలామంది దాని జోలికే పోరు గానీ నా దృష్టిలో ఆ విండో మొత్తంలో గొప్ప ఆప్షన్ అదే. అది పెట్టి ప్రివ్యూ కొడితే సాఫ్ట్‌వేర్ ఏం తీసెయ్యబోతుందో అది మాత్రమే వినిపిస్తది. అందులో పాడే అవ్వ గొంతు వినబడ్డదా, మోతాదు ఎక్కువైనట్టే, తగ్గించాలి. నేను 6 డెసిబెల్స్ దగ్గర ఆగుతా, మరీ అవసరమైతే 9. ఇరవై దాటితే గొంతు నీళ్ళలో మునిగి పాడినట్టు గలగలమంటది, చప్పట్ల అంచులు మొద్దుబారిపోతాయి, బతుకమ్మ పాటకి చప్పట్లు పోతే ఇంక ఏం మిగిలింది?

నాట్ల పాటలు విన్నోళ్ళకి ఇంకోటి తెలుసు. ఒకరు ఎత్తుకుంటరు, మిగతావాళ్ళు వంత పాడతరు, వంగి నాటేస్తుంటే బురదలో కాళ్ళు పీకే చప్పుడు, నీళ్ళ చప్పుడు పాట నడకతోనే పోతుంటది. ప్రొఫైల్ తీసేటప్పుడు ఆ నీళ్ళ చప్పుడు అందులో పడకుండా చూసుకోండి. అది నాయిస్ కాదు, పాటలో భాగం. ఈ మధ్య వచ్చిన ఏఐ క్లీనింగ్ టూల్స్‌తో నాకు పడనిది కూడా ఇక్కడే, చాలావరకు ఒక్క మనిషి మాట్లాడే మాటని శుభ్రం చెయ్యడానికి తయారైనవి, డోలు, తాళాలు, వెనక వంత గొంతులు అన్నిట్నీ చెత్త కింద లెక్కేస్తాయి. ఇంటర్వ్యూ అయితే వాడుకోవచ్చు, పాటకి వద్దు.

లేబుల్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వింటూ వింటూ కంట్రోల్ ఎమ్ కొడితే అక్కడ ఒక గుర్తు పడతది, తెలుగులోనే టైప్ చేసుకోవచ్చు. నేనైతే పాట మొదటి చరణం, ఎత్తుకున్నది ఎవరు, మోటరు ఎక్కడ ఆన్ అయింది, అవ్వ మధ్యలో ఆగి అర్థం ఎక్కడ చెప్పింది, అన్నీ రాస్తా. తర్వాత ఎక్స్‌పోర్ట్‌లో మల్టిపుల్ ఫైల్స్ పెడితే లేబుల్ పేర్లతోనే పాటలన్నీ విడివిడి ఫైళ్ళుగా వచ్చేస్తాయి. లేబుల్స్‌ని మామూలు టెక్స్ట్ ఫైల్‌గా కూడా తీసుకోవచ్చు, మొదలు టైం, చివరి టైం, పేరు వరసగా ఉంటాయి, రేపు ఆడాసిటీ లేకపోయినా ఆ వివరం మాత్రం పోదు.

ఇబ్బందులూ ఉన్నాయి. 2021లో వచ్చిన 3.0 నుంచి ప్రాజెక్ట్ అంతా ఒకే ఏయూపీ3 ఫైల్‌లో ఉంటది, పాత పద్ధతిలో పక్కన డేటా ఫోల్డర్ కాపీ చెయ్యడం మర్చిపోతే ఆడియోనే ఉండకపోయేది కాబట్టి ఇది నయమే, గానీ ఎడిట్ చేస్తున్నకొద్దీ ఆ ఫైల్ బాగా ఉబ్బుతది. 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ స్టీరియో అంటేనే గంటకి సుమారు 1 జీబీ, డిస్క్‌లో జాగా చూసుకోండి. 2022లో 3.2 నుంచి రియల్ టైం ఎఫెక్ట్స్, అంటే అసలు ఆడియో మారకుండా ప్లే అవుతుండగానే పనిచేసేవి, వచ్చాయి, అయినా నాయిస్ రిడక్షన్ మాత్రం అట్ల పనిచెయ్యదు, ఆడియో మీద పర్మనెంట్‌గా రాసేస్తది. అందుకే రికార్డర్‌లోంచి వచ్చిన వేవ్ ఫైల్‌ని ఎప్పుడూ ముట్టుకోవద్దు, దాని కాపీ మీదనే పని. ఫోన్‌లో తీసిన ఎమ్4ఏ, ఏఎంఆర్ ఫైళ్ళు విండోస్‌లో తెరవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ విడిగా పెట్టుకోవాలి, కొత్తోళ్ళు ఇక్కడే ఆగిపోతారు.

మూడు నాలుగు మైకులు పెట్టి రాత్రంతా తీసిన ఒగ్గు కథకి మాత్రం నేను రీపర్ అనే ఇంకో ఆడియో సాఫ్ట్‌వేర్‌కి పోతా. అందులో ఏం కోసినా అసలు ఫైల్ చెక్కుచెదరదు, రీఎఫ్ఐఆర్ అనే ప్లగిన్‌లో సబ్‌ట్రాక్ట్ మోడ్ పెడితే నాయిస్ తీసే పని ప్లే అవుతుండగానే వింటూ సర్దుకోవచ్చు. 60 రోజులు అన్ని ఫీచర్లతో ట్రయల్, తర్వాత సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు. నేర్చుకోవడానికి టైం పడతది, మెనూలు చాలా ఎక్కువ. ఒక్క అవ్వ, ఒక్క రికార్డర్, నాలుగు పాటలు ఉన్నప్పుడు అదంతా అవసరం లేదు, ఆడాసిటీ తెరిచి లేబుల్స్ పెట్టుకుంటూ పోతే సాయంత్రానికి పాటలు వాళ్ళ ఇంటోళ్ళ ఫోన్‌లకి పంపొచ్చు, పంపేముందు లౌడ్‌నెస్ నార్మలైజేషన్ (మొత్తం గట్టితనాన్ని ఒక స్థాయికి తెచ్చేది) మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (గట్టితనం కొలత) దగ్గర పెట్టండి, మైనస్ 23 టీవీ, రేడియో బ్రాడ్‌కాస్ట్ లెక్క, ఫోన్ స్పీకర్‌లో సరిగ్గా వినబడదు.